చదవని గళ్లు

అక్క వచ్చిన ఆదివారం తెర మీద నాలుగు వేల మూడు వందల గళ్లు వెలిగాయి. మర్నాడు నేను అమ్మకు తల దువ్వి, జడ వేసి, అన్నం తినిపించిన రెండు గంటల్లో వెలిగినవి పదకొండు. నమ్మలేక రెండుసార్లు లెక్కపెట్టాను. నోటుబుక్కులో తేదీ వేసి, రెండు అంకెలూ పక్కపక్కన రాసి, కింద గట్టిగా గీత గీశాను. కాగితం చిరిగింది.

ఆ గళ్లు అమ్మ జ్ఞాపకాలు.

మూడేళ్ల కింద అమ్మకు మెదడువాపు వచ్చింది. జ్వరం తగ్గింది గానీ అమ్మ తలలో ఏదీ నిలవడం మానేసింది. పొయ్యి మీద పాలు పెట్టి, పొయ్యి ముందే నిలబడి, ఇది ఏమిటని అడిగేది. పూర్తిగా పోకముందే ల్యాబు వాళ్లు మిగిలినదంతా తీసి డిస్కుల మీద రాశారు. అప్పటి నుంచి అమ్మ చెవుల వెనక రెండు చిన్న బిళ్లలు ఉన్నాయి. అమ్మ దేన్నయినా తలుచుకోబోతే బిళ్లలు యంత్రాన్ని అడుగుతాయి, యంత్రం తీసి ఇస్తుంది. కొత్తగా జరిగింది కూడా అలాగే వెళ్లి డిస్కు మీద పడుతుంది. అంతా రెప్పపాటులో అయిపోతుంది కాబట్టి పక్కన కూర్చున్నవాళ్లకు తేడా తెలియదు. యంత్రానికి రెండు వందల గజాల అవతలికి మాత్రం అమ్మ వెళ్లకూడదు. వెళ్తే అమ్మలో ఎవరూ ఉండరు.

యంత్రం ఉన్నది వరంగల్ బయట ఒక మిర్చి కోల్డ్ స్టోరేజిలో. ఎలాగూ చల్లగా ఉంటుందని ల్యాబు వాళ్లు ఒక గది అద్దెకు తీసుకున్నారు. బాపు అక్కడే హమాలీ మేస్త్రీ. గేటు పక్కన రెండు గదులు మాకు ఇచ్చారు. యంత్రం గదిలోకి వచ్చిన వాళ్లెవరైనా ముందు నాలుగు తుమ్ములు తుమ్మాకే మాట్లాడతారు.

యంత్రాన్ని చూసుకునేది తస్లీమ్ మేడం. నన్ను పనిలో పెట్టుకుంది కూడా ఆమే. అప్పటికి నా ఇంటర్ అయిపోయింది, నన్ను కాలేజీకి పంపితే అమ్మను చూసేవాళ్లు లేరు.

"నువ్వు మాట్లాడవు, ముట్టద్దన్నది ముట్టవు. ఈ పనికి గింతకంటె ఏం గావాలె," అంది మేడం.

పని పెద్దదేమీ కాదు. ఇనుప పెట్టెలో ఆరు డిస్కులు, వాటి మీద అరచేయంత కార్డు. దాన్ని రెయిడ్ కంట్రోలర్ అంటారు. అమ్మలో ఏ ముక్క ఏ డిస్కు మీద ఉందో దానికొక్కదానికే తెలుసు. ఆరింటిలో ఒకటి చచ్చిపోయినా, మిగిలిన ఐదింటినీ చదివి పోయినదాన్ని లెక్కగట్టి కొత్త డిస్కు మీద తిరిగి రాస్తుంది. ఒక మనిషికి రెండో ప్రతి తీయకూడదని నిబంధన ఉంది కాబట్టి అమ్మకు ఉన్న భద్రత అదొక్కటే. నేను పొద్దున్నే ఫ్యాన్ల మీద పేరుకున్న కారపు దుమ్మును బ్రష్షుతో దులపాలి, ఆరు పచ్చ దీపాలూ వెలుగుతున్నాయో లేదో చూడాలి, వారానికొకసారి గస్తీ నడపాలి.

గస్తీ అంటే యంత్రం తనంతట తాను అన్ని డిస్కులనూ మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చదివి చూసుకోవడం. ఎవరూ అడగని గళ్లను చదవడం ఎందుకని నాకు అర్థం కాలేదు. మేడం ఇంకా ఏదో చెప్పబోతుంటే, బస్తా తూకం కోసం వచ్చిన బాపు తలుపు దగ్గర నుంచే అందుకున్నాడు.

"అడుగు బస్తాను ఎవ్వడు అడుగడు బిడ్డా. అడుగలేదని ఇడిసిపెడితె లోపట్నే బూజు పడ్తది, పైకి మాత్రం మంచిగనే కనబడ్తది. అందుకనే నెలకోపాలి గుట్ట మొత్తం తిరగేస్తం."

"మేస్త్రీ, నా నౌకరీ నువ్వే చెయ్యరాదు," అంది మేడం నవ్వుతూ.

బూజు పట్టిన గడి ఏదైనా కనబడితే, మిగతా డిస్కుల సాయంతో యంత్రం దాన్ని అప్పటికప్పుడే బాగు చేసేస్తుంది. అందుకే గస్తీ. అది నడిచేటప్పుడు యంత్రానికి పని ఎక్కువై అమ్మ కొంచెం మందకొడిగా ఉంటుంది. గస్తీ బుధవారం. అమ్మ తలంటు కూడా బుధవారమే. అంటే అమ్మ నీరసంగా ఉండే రోజు నా వాటా, హుషారుగా ఉండే ఆదివారం అక్క వాటా.

అక్క పేరు సుప్రియ. నా కన్నా ఐదేళ్లు పెద్దది. హన్మకొండలో నర్సింగ్ చేస్తూ హాస్టల్లో ఉంటుంది. ఆదివారం పది గంటలకు వచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెడుతుంది.

"అమ్మా, మొన్న మా వార్డుల ఒక ముసలాయన సూదికి భయపడి మంచం కిందికి దూరిండు. డాక్టరు సారు వంగి, తాతా బయటికి రా అంటె, నువ్వే లోపటికి రా అన్నడట."

అమ్మ నవ్వేది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వేది. యంత్రం గదికీ మా గదికీ మధ్య ఉన్న తలుపు దగ్గర నిలబడి నేను తెర చూసేదాన్ని. ఎండకు ఆరబోసిన మిర్చిలాగా తెరంతా ఎర్రగా అయ్యేది. అక్క మొదటిసారి బడికి వెళ్లింది, అక్కకు అమ్మవారు పోసింది, అక్క బస్సులో తప్పిపోయింది. నాకు వాటి పేర్లు తెలియవు గానీ, అవే అయి ఉంటాయని ఊహించేదాన్ని.

"ఏందే రవళీ, బల్లిలెక్క తలుపుకు అతుక్కున్నవ్? రా, కూసో," అంది అక్క ఒక ఆదివారం.

"అది గంతే," అంది అమ్మ. "దానికి మాటలు కొనుక్కొచ్చి పెట్టాలె."

ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. తిరిగి తెర వైపు చూస్తే, అమ్మ నా గురించి ఆ మాట అనడానికి ఒక్క గడి కూడా వెలగలేదు. నన్ను తలుచుకోకుండానే నా గురించి మాట్లాడింది అనుకున్నాను. రోజుకు మూడుసార్లు తినిపించేది నేను. మందులు నేను. గోళ్లు తీసేది నేను. ఆమె తలుచుకునేది మాత్రం వారానికొకసారి మిక్చర్ పొట్లంతో వచ్చే అక్కను.

మర్నాడు మేడం లేనప్పుడు గస్తీని బుధవారం నుంచి ఆదివారం పది గంటలకు మార్చాను. వేగం కూడా పెంచాను. అలా పెంచితే అమ్మకు మిగిలే వాటా ఇంకా తగ్గుతుంది.

ఆ ఆదివారం అక్క ఏదో చెబుతోంది. అమ్మ దాని పెదవుల వైపే చూస్తోంది. నవ్వాల్సిన చోట నవ్వు రాలేదు. చాలాసేపటి తర్వాత, అక్క వేరే సంగతిలోకి వెళ్లిపోయాక నవ్వింది.

"అమ్మా, పానం మంచిగలేదా?"

అమ్మ ఆలోచించింది. గోడ గడియారంలో ముల్లు సగం తిరిగింది. "మంచిగనే... ఉన్నది... బిడ్డా."

అక్క మాటలు ఆపి, అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుతూ కూర్చుంది. రెండో ఆదివారం మధ్యాహ్నానికే వెళ్లిపోయింది. మూడో ఆదివారం గేటు దగ్గర బాపుతో అంటుంటే విన్నాను. "నన్ను సూత్తె అమ్మకు మాటనే వత్తలేదు బాపూ. నా మీద ఏమన్న కోపమా?" ఆ మూడు ఆదివారాలూ నేను అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. అది కూడా నోటుబుక్కులో రాశాను.

అక్క మేడంకు ఫోను చేసింది. మేడం వచ్చి చూసి, తల కొట్టుకుంది.

"ఆదివారం గస్తీ పెట్టింది ఎవరు? నేనే పెట్టి మర్శిపోయిన్నేమో. నలభై దాటితే ఆ డిస్కు నా తలకాయల పెట్టుకోవాలె. రవళీ, బుధవారానికి మార్చు దీన్ని."

"సరే మేడం," అన్నాను.

తెర ముందు కూర్చుని ఆదివారం తీసేశాను. బుధవారం మీద వేలు పెట్టాను. మళ్లీ నా రోజే. తలంటి పోసి, సాంబ్రాణి వేసి, జుట్టు ఆరేదాకా అమ్మతో కూర్చునే ఒకే ఒక్క పూట. వేలు తీసేశాను. ఏ రోజూ పెట్టలేదు. గస్తీ ఆగిపోయిందని తెరలో ఒక మూల చిన్న అక్షరాలతో వస్తుంది. ఆ మూల చూసేది నేనొక్కదాన్నే.

పదకొండు వారాలు గస్తీ లేదు. బుధవారాలు అమ్మ హుషారుగా ఉంది, నిజమే. నా చేతుల్లో తల పెట్టి ఏదో ఒకటి మాట్లాడేది. కానీ గళ్లు ఏ బుధవారమూ నలభై దాటలేదు. అక్కకు మాత్రం మళ్లీ వేలు.

మిర్చి సీజన్ మొదలైన ఒక మంగళవారం పొద్దున యంత్రం కూత పెట్టింది. మూడో డిస్కు దీపం నారింజ రంగులోకి మారింది. బయట లారీలు బారులు తీరి ఉన్నాయి, గాలంతా ఘాటు. మేడం కొత్త డిస్కు పట్టుకుని, ముక్కుకు చున్నీ కట్టుకుని వచ్చింది. అక్కను కూడా పిలిపించింది. ఇలాంటి పనికి అమ్మను నిద్రపుచ్చాలి, యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ లేపాలి. అమ్మ లేచేసరికి ఇంటి వాళ్లందరూ ఎదురుగా ఉండాలని నియమం.

ఆపే ముందు మేడం నా వైపు తిరిగింది.

"మొన్న బుధవారం గస్తీ సాఫ్‌గ అయిందా?"

ఆ ఒక్క క్షణం నా చేతిలో ఉంది. లేదని చెబితే ఎందుకని అడుగుతుంది. అక్క అక్కడే ఉంది.

"అయింది మేడం."

"ఇంకేంది మరి, భయంలేదు," అని మేడం మీట నొక్కింది. ఫ్యాన్లు ఆగాయి. మళ్లీ తిరిగాయి. మూడో అరలోంచి పాత డిస్కు తీసి కొత్తది దోపింది. యంత్రం మిగిలిన ఐదింటినీ చదవడం మొదలుపెట్టింది. నూటికి ఒకటి. నూటికి రెండు. అమ్మ మంచం మీద నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది.

మధ్యాహ్నం మూడు గంటలకు డెబ్బై ఒకటి దగ్గర తెర మీద ఎర్రటి గీత వచ్చింది. ఐదో డిస్కు మీద చదవలేని గళ్లు. వంద. నాలుగు వందలు. రెండు వేల నూట నలభై దగ్గర ఆగింది. ఒక గడిలో రెండు ముక్కలు లేకపోతే యంత్రం లెక్కగట్టలేదు. మూడో డిస్కు ముక్క పొద్దున పోయింది, ఐదో డిస్కు ముక్క ఎప్పుడో బూజు పట్టింది. అవి ఖాళీగా వదిలేసి యంత్రం ముందుకు వెళ్లిపోయింది.

మేడం గస్తీ చిట్టా తెరిచి చూసింది. చివరి తేదీ పదకొండు వారాల కిందటిది. నా వైపు చూసింది. నాకు ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

ఐదున్నరకు అమ్మ లేచింది. అక్కను చూడగానే మొహం విప్పారింది.

"సుప్రియా, ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? అన్నం తిన్నవా?"

బాపును చూసి, "నీ బనీను గట్లున్నదేంది, కారంల పొర్లినట్టు," అంది. తర్వాత నా వైపు తిరిగింది. మర్యాదగా నవ్వింది.

"ఈ పిల్ల తల మంచిగ దువ్వుతది," అంది అక్కతో. "ఎవ్వల బిడ్డనో."

బాపు గడప మీద కూలబడ్డాడు. అక్క నా భుజం పట్టుకుంది. నేను విడిపించుకుని బయటికి వెళ్లాను.

నోటితో చెప్పడం నాకు చేతకాదు. నోటుబుక్కు తీసుకెళ్లి మేడం చేతిలో పెట్టాను. తూకం వేసే దిమ్మె మీద కూర్చుని ఆమె మొదటి నుంచి చదివింది. గళ్ల లెక్కలు, ఆదివారం మార్చిన రోజు, బుధవారం మార్చని రోజు, రెండు ముద్దలు ఎక్కువ తిన్న రోజులు.

"ఈ అంకెలు చూసినావ్ నువ్వు?" అంది చివరికి. "ఇవి డిస్కు దాక పోయి తెచ్చినయే రవళీ. కంట్రోలర్‌ల చిన్న గూడు ఉంటది. మాటిమాటికి కావల్సింది అండ్ల పెట్టుకుంటది. రోజు వాడే ఉప్పు, పసుపు నువ్వు పొయ్యి పక్కకే పెట్టుకుంటవా, అటకెక్కి తెస్తవా?"

దిమ్మె అంచు మీది కారం దుమ్మును వేలితో చెరిపాను.

"మీ అక్క వారానికోపాలి వస్తది. ఆమెను అటక మీద నుంచి దించుకోవాలె. అందుకే గన్ని గళ్లు వెలిగినయ్. నువ్వు పొద్దుందాక కండ్ల ముందటనే. నువ్వు ఆ గూట్లనే ఉన్నవ్, మూడేండ్ల సంది. డిస్కు మీద ఉన్న నిన్ను ఎవ్వరు ముట్టలే, అందుకే అండ్లనే బూజు పట్టింది." ఆమె ఆగింది. "యంత్రం ఆపుతే గూడు ఖాళీ అయితది. గస్తీ కాలేదని పొద్దుగాల చెప్పుంటే, ఆపకముందే గూట్లున్నయన్ని ఇంకో జాగల రాయించి పెట్టేదాన్ని."

నోటుబుక్కు మూసి నాకు ఇవ్వబోయింది. అప్పటికే మా వెనక నిలబడి ఉన్న అక్క దాన్ని అందుకుంది. అక్కడే నిలబడి చదివింది. హమాలీలు బస్తాలు మోసుకుంటూ మా పక్క నుంచే వెళ్తున్నారు.

"నాలుగు వేల మూడు వందలా," అంది. "మంచిగ లెక్కవెట్టినవ్."

"అక్కా..."

"అమ్మ మొత్తం నీ తాననే ఉన్నదని హాస్టల్ల నేను ఎన్ని రోజులు ఏడ్శిన్నో, అది ఎవ్వలన్న లెక్కవెట్టిండ్రా?"

అక్క నోటుబుక్కును నా చేతిలో పెట్టలేదు, దిమ్మె మీద పెట్టి లోపలికి వెళ్లింది.

రెండు రోజుల తర్వాత మేడం ఒక దారి చెప్పింది. ఖాళీ అయిన గళ్లలో, అదే సంఘటనను చూసిన ఇంకొకరి జ్ఞాపకం రాయవచ్చు. అమ్మది తిరిగి రాదు గానీ చోటు నిండుతుంది, అమ్మకు నేను ఎవరో తెలుస్తుంది. నాది పనికిరాదు. అన్నిటికీ మొదలు నేను పుట్టడం, అది నేను చూడలేదు. మేడం బాపును అడిగింది.

"నేనప్పుడు నాగపూర్ లారీ మీద ఉంటి మేడం," అన్నాడు బాపు, చేతులు చూసుకుంటూ. "ఇది పుట్టిన పదకొండో దినం ఇంటికొచ్చిన. మళ్ల తెల్లారే పోయిన. నా తాన ఏమున్నది? బండి, రోడ్డు."

మిగిలింది అక్క. దానికి అప్పుడు ఐదేళ్లు.

నేను అడగలేదు. రాత్రంతా అది ఒప్పుకోదనే అనుకున్నాను. పొద్దున అక్క బస్సు దిగి, చున్నీ తీసింది. చెవుల వెనక రెండు వైపులా అరచేయి మేర గొరిగించుకుని వచ్చింది, బిళ్లలు అతకడానికి. నడుము కిందికి ఉండే జడ ఇప్పుడు సగం లావే ఉంది.

"హాస్టల్ల అందరు నవ్విండ్రు," అంది. "నువ్వు నవ్వకు. నవ్వితె ఇయ్య."

మూడు రోజులు పట్టింది. అక్క కళ్లు మూసుకుని కూర్చునేది, మేడం అడిగేది, తెర మీద ఖాళీ గళ్లు ఒక్కొక్కటీ నిండేవి. రాయమని మీట నొక్కింది నేనే. మొదటిరోజే మేడం మాకు ఇద్దరికీ చెప్పింది. "ఎవరు చూసింది వాళ్ల మనసుతోనే వస్తది. దాన్ని వడగట్టడం నాకు రాదు." అక్క తల వంచుకుని ఒకసారి నా వైపు చూసింది. ఆ చూపు ఎందుకో నాకప్పుడు తెలియలేదు. దాని తలలో నేను ఎలా ఉన్నానో చూడాలని మాత్రం ఉంది. అమ్మను నాకు ఇవ్వగలిగింది కూడా అదేనా అని ఉక్రోషం కూడా ఉంది. రెండూ ఉన్నాయి.

మూడో రోజు మధ్యాహ్నం మేడం, రాసేటప్పుడు నిద్రపుచ్చిన అమ్మను లేపింది. నేను తలుపు వెనక ఉన్నాను. అక్క వీపు మీద చేయి వేసి నన్ను ముందుకు నెట్టింది.

అమ్మ నన్ను చూసింది. తెర వైపు నేను చూడలేదు.

"రవళి," అంది.

బాపు ఊపిరి వదలడం వినబడింది. నేను మంచం దగ్గరికి వెళ్లాను. అమ్మ కింది పెదవి ముందుకు వచ్చింది. నలభై మూడేళ్ల మనిషి మొహం మీద నేను ఎప్పుడూ చూడని మూతిముడుపు.

"నువ్వు పుట్టినంక నన్నెవ్వలు ఎత్తుకోలే," అంది.

ఆ మాటలు ఐదేళ్ల అక్కవి. అక్క చెవి వెనక గొరిగిన చోట చేయి వేసుకుంది.

"అందరు నీ తొట్టె కాడనే," అంది అమ్మ. "నాకు జరమొచ్చినా సూడలే. నీకే ఉగ్గు, నీకే పాట. నేను గోడ పక్కకు ఒక్కదాన్నే పన్న."

మేడం ఏదో అనబోయింది. నేను చేయి అడ్డం పెట్టాను. అమ్మ చూస్తున్న చూపు నాకు తెలుసు. తలుపు సందులోంచి మూడేళ్లు నేను అదే చూపు చూశాను. అప్పుడు దానికి సమాధానం ఎవరు చెప్పినా నేను నమ్మి ఉండేదాన్ని కాదు. నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"నన్ను గిచ్చినవా మరి?" అని అడిగాను.

అమ్మ వెతుక్కుంది. లోపలి గదిలో డిస్కులు చిన్నగా టకటకలాడాయి.

"ఒకపాలి," అంది, గొంతు తగ్గించి. "తొడ మీద."

వెనక అక్క ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని శబ్దం చేసింది.

"నొయ్యలే," అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. నమ్మాలో వద్దో తేల్చుకోలేనట్టు చూసింది. తర్వాత, నా వైపు చూడకుండానే, మంచం మీద కొంచెం జరిగింది. మనిషి కూర్చోవడానికి చాలేంత చోటు కాదు. అయినా నేల మీంచి లేచి అక్కడే కూర్చున్నాను.